పద్యానికి రంగుదీపాలెందుకు?

రాజమహేంద్రవరంలో నా బాల్యమిత్రుడొకడు తండ్రిగారి పద్యాలను యూనికోడులోకి ఎక్కించదలచి, ముప్పైవేలలో కంప్యూటరు కూర్పించమని నన్నడిగాడు. అంగడివాడు మొదట చూపినది రంగుదీపాల పెట్టె. ఆపైన గ్రాఫిక్స్ కార్డు! ఆటలాడేవారికి అది అవసరమే. మత్తేభానికేల?

యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. ఆ లెక్కన 300 పుటల గ్రంథమైనా ఒకటి రెండు మెగాబైట్లే. దానికి ప్రాసెసరులోనే ఇమిడియున్న గ్రాఫిక్స్ చాలు. ఉన్న ధనం ఎస్‌ఎస్‌డీకి, 8 జీబీ ర్యాముకు, నాణ్యమైన పవర్ సప్లైకి, యూపీఎస్‌కు వెచ్చించాలి. గోదావరి గాలివానలో కరెంటు పోతే, వ్రాస్తున్న పద్యాన్ని రంగుదీపాలు కాపాడవు. విండోస్ కూడ కొననక్కరలేదు. ఉచితంగా లభించే ఉబుంటులో తెలుగు ఇన్‌స్క్రిప్టు ఉన్నది. ఆ మిగులుతో ప్రతులు దాచుకొనుటకు మరొక డిస్కు వచ్చును.

“రేపు పనికివస్తుంది కదా!” అన్నాడు అంగడివాడు. అయ్యా, మదర్‌బోర్డుపై స్లాటు ఉన్నంతవరకు కార్డును రేపైనా అమర్చుకోవచ్చు. చెదలు తిన్న పద్యాన్ని ఏ అంగడిలో కొందుము? పింఛనుదారుని సొమ్ముతో దీపావళి చేయించడం సలహా కాదు, అపచారం. కాదనువారు వాదించండి, వినుటకు సిద్ధముగా ఉన్నాను.