నేల మీద పరిచిన పేట

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేట ఉండేది. రేవు కూలీలు, దర్జీలు, చిన్న వ్యాపారులు, పాటగాళ్లు, క్రైస్తవులు, ముస్లింలు, యూదులు అక్కడ ఇరుగుపొరుగుగా బతికారు. 1966 ఫిబ్రవరి 11న జాతివివక్ష ప్రభుత్వం ఆ పేట తెల్లవారిదేనని ప్రకటించింది. తర్వాతి ఏళ్లలో 60 వేల మందికి పైగా జనాన్ని ఊరవతల ఇసుక మైదానాలకు తరలించి, ఇళ్లను బుల్డోజర్లతో నేలమట్టం చేసింది.

చర్చిలూ మసీదులూ కొన్ని మిగిలాయి.

అలాంటి ఒక పాత మెథడిస్టు చర్చిలోనే 1994 డిసెంబరులో డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం తెరుచుకుంది. దాని నేలంతా పేట పటమే. వెళ్లగొట్టబడిన కుటుంబాలవాళ్లు వచ్చి, తమ ఇల్లున్న చోటు వెతుక్కుని అక్కడ పేరు రాశారు. కూల్చివేత పనిని పర్యవేక్షించిన ఒక మనిషి పారేయకుండా దాచిన వీధి పేర్ల పలకలు పైనుంచి వేలాడుతున్నాయి. పొడవాటి గుడ్డ మీద జనం రాసిన జ్ఞాపకాలను తర్వాత దారంతో కుట్టారు. పోయిన భూమి తిరిగి ఇమ్మన్న పోరాటానికీ ఈ చోటే అండగా నిలిచింది. పేట చరిత్రను పేటవాళ్ల చేతే రాయించడం దీని అసలు గొప్పతనం.

మన దగ్గరా ఊళ్లు పోయాయి. శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు, నీట మునగకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. మునిగిన ఊళ్ల వీధులను అలా తేలేరు. అవి ఎలా ఉండేవో గుర్తున్నవారే చెప్పాలి.

పాఠకులకు ఒక్క విన్నపం. మీ పేట పెద్దవాళ్లు ఉండగానే గ్రంథాలయంలోనో, బడి వరండాలోనో ఒక పటం పరచండి. వాళ్ల చేత పేర్లు రాయించండి.