గోదారి పొంగకముందే మన ఊరి లెక్క మనమే రాసుకుందాం



2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో అయితే 75.6. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. గోదారి నిండితే శబరి నీళ్లు పోయే దారి లేక వెనక్కి ఎగదన్నుతాయి. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు వైపు రోడ్లు మునిగిపోతాయి. ఇక పడవ వచ్చేదాకా మనకు మనమే దిక్కు.

అందుకే నేననేది ఒక్కటే. ఎండాకాలం సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఇల్లిల్లూ తిరిగి ఊరి లెక్క రాద్దాం. ఎన్నాళ్లకు సరిపడా గింజలున్నాయి? మునగని బోరింగు ఏది? గుట్ట మీదకి బాట బాగుందా? బాలింతల్ని, ముసలోళ్లని ఎవరు తీసుకెళ్తారు? విత్తనాలు ఎక్కడ దాచాలి? మన పెద్దోళ్లు రాగులు, జొన్నలు దాచుకునేవాళ్లు. ఇప్పుడు డిపో బియ్యం ఆగితే పొయ్యి కూడా ఆగుతోంది.

“అదంతా ప్రభుత్వం పని కదా” అంటారు కొందరు. నిజమే, అడగాల్సిందే. కానీ ఏం కావాలో మనకే తెలీకపోతే ఏమని అడుగుతాం? ఆ లెక్కని గ్రామసభలో పెట్టి తీర్మానం చేయిద్దాం. 1996 పెసా చట్టం మన గ్రామసభకి బలం ఇచ్చింది. దాన్ని వాడుకుందాం.

మీ ఊళ్లో ఎవరు మొదలుపెడతారో చెప్పండి. జై ఆదివాసీ!