చేనికి పనికివచ్చినామె



అగ్గిపెట్టెల మీద తారల బొమ్మలు చూచుచు కోవిల్‌పట్టిలో పెరిగినవాడను. మొన్న విరుదునగరంలో ఒక పెండ్లిపందిట సన్నీ లియోన్ మాట వచ్చెను. ఆమె పూర్వం అమెరికాలో అశ్లీల చిత్రాలలో నటించినదని మన పెద్దలు చెవులు మూసుకొనిరి. ఆ చిత్రాల సంగతి వారికెట్లు తెలిసెనో! 2014లో ‘కరెంట్ తీగ’లో ఆమెను చూచినవారును మనవారే.

2017 డిసెంబరులో బెంగుళూరున ఆమె నూతన సంవత్సర ప్రదర్శనకు, నిరసనలు రేగగా, ప్రభుత్వం అనుమతి నిరాకరించినది. మరుసటి సంవత్సరమే నెల్లూరు జిల్లా రైతొకరు పంటకు దిష్టి తగులకుండ ఆమె పటమునే చేలో నిలిపిరి. చేనికి పనికివచ్చినామె వేదికకు పనికిరాదా? ఆమె పేరు చెప్పి టిక్కెట్లు అమ్ముకొను నిర్మాతలు అట్టివేళ నోరు విప్పవలదా?

ఆ పందిట నేనును నోరు విప్పలేదు.

— ఒక పాఠకుడు, కోవిల్‌పట్టి