మధ్యధరా తీరంలో చేయవలసిన పనులు

ఈ మధ్య ఒక వారపత్రిక వేసవి సంచికలో మధ్యధరా సముద్రతీరాన్ని గురించి ఒక యాత్రావ్యాసం వచ్చింది. ఆ తీరానికి పోయినవాడు తప్పక చేయవలసిన పనులు పన్నెండని రచయిత తేల్చాడు. పొద్దున ఎండ కాగాలి. మధ్యాహ్నం చేపల పులుసు తినాలి. పడవ మాట్లాడుకుని గుహలు చూడాలి. సాయంత్రం నీస్ నగరంలో సముద్రం వెంట నడవాలి. పొద్దు గూకే వేళ ద్రాక్షసారా గ్లాసు చేతబట్టుకుని జీవితాన్ని గురించి ఆలోచించాలి. (పొద్దుటి నుంచి ఆలోచన లేకుండా గడిపినవాడికి ఆ వేళకు అదెలా పుట్టుకొస్తుందో వ్యాసకర్త చెప్పలేదు.)

భాష తేటగానే ఉంది. అబద్ధం కూడా ఒక్కటీ లేదు. కాని నేను దాన్ని రెండోసారి చదివేటప్పుడు క్రియలకు కర్తలను వెతికాను. గదిలో పక్క పరచి ఉంటుంది. బల్లమీదికి చేపలు వస్తాయి. ఒడ్డున గొడుగు కింద కుర్చీ వేసి ఉంటుంది. పరచిందెవరు, పట్టిందెవరు, వేసిందెవరు? వ్యాసం మొత్తానికి ఒకడే కర్త, సెలవు గడిపేవాడు. అతడు వెల్లకిల పడుకోవడం కూడా 'చేయవలసిన పని'. మిగతావాళ్ళ పని మాత్రం సముద్రపు గాలిలాగా దానంతటది జరిగిపోతూ ఉంటుంది.

మా అధ్యయన తరగతిలో ఈ వ్యాసాన్ని చదివి వినిపించాను. ఒక విద్యార్థి లేచి, "సముద్రం ఒడ్డున సెలవు గడపడమే బూర్జువా విలాసం గదా మాష్టారూ, దానిమీద విమర్శ కూడా దేనికి?" అన్నాడు. నలుగురు తలలూపారు. పత్రికలో వచ్చిన వ్యాసం కన్నా ఈ మాటతోనే నాకు ఎక్కువ పేచీ ఉంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ముందు నా సంగతి చెప్పుకోవడం మర్యాద. మా అమ్మాయి చదువు కోసం మార్సెయ్‌లో ఉన్న రోజుల్లో నేను ఆ తీరాన పది రోజులున్నాను. టికెట్టు ఆమె కొన్నది. ఆ పన్నెండు పనుల్లో ఏడెనిమిది నేనూ చేశాను; చేపల పులుసు చాలా బాగుంది. కనుక ఇది అందని ద్రాక్షపళ్ళ విమర్శ అనడానికి వీల్లేదు.

నీస్‌లో సముద్రం వెంట నడిచే బాటను 'ఇంగ్లీషువాళ్ళ బాట' అంటారు. ఆ పేరే చరిత్ర చెబుతుంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లీషు ధనవంతులు చలికాలం గడపడానికి నీస్‌కు వచ్చేవారు. 1820 ప్రాంతంలో చలి విపరీతమై నారింజ తోటలు దెబ్బతిన్నాయి. పని లేని కూలీలు బిచ్చానికి దిగారు. షికారుకు బయలుదేరిన దొరలకు వాళ్ళు అడ్డమయ్యారు. లూయిస్ వే అనే ఇంగ్లీషు మతాచార్యుడు చందాలు పోగుచేసి, ఆ పేదలకు కూలి ఇప్పించి, సముద్రం పక్కన బాట వేయించాడు. ఆకలిగొన్నవాళ్ళు వేసిన బాటకు షికారు చేసినవాళ్ళ పేరు వచ్చింది. వ్యాసకర్త దానిమీద నడిచాడు, సూర్యాస్తమయాన్ని వర్ణించాడు. ఆ పేరు ఎలా వచ్చిందని మాత్రం ఎవరినీ అడగలేదు.

ఇంతవరకు మా విద్యార్థి నాతో ఏకీభవిస్తాడు. ఇక్కడినుంచి ఏకీభవించడం కష్టం.

1936 మే, జూన్ నెలల్లో ఫ్రాన్సులో దాదాపు ఇరవై లక్షల మంది కార్మికులు సమ్మె చేశారు. ఫ్యాక్టరీలు వదిలిపోకుండా లోపలే కూర్చున్నారు. లియోన్ బ్లూమ్ నాయకత్వాన పాపులర్ ఫ్రంటు ప్రభుత్వం అప్పుడే అధికారానికి వచ్చింది. కూలి పెంపు, వారానికి నలభై గంటల పని, వాటితోపాటు సంవత్సరానికి పదిహేను రోజుల జీతంతో కూడిన సెలవు - ఇవీ ఆ సమ్మె సాధించినవి. సెలవు చట్టం జూన్ 20న వచ్చింది. సెలవు ఉంటే చాలదు, రైలు ఖర్చు ఉండాలి గదా. లియో లాగ్రాంజ్ అనే యువ మంత్రి నలభై శాతం రాయితీతో కార్మికులకు ప్రత్యేక టికెట్టు పెట్టించాడు. ఆ మొదటి వేసవిలోనే ఆరు లక్షల మంది దాకా ఆ టికెట్టుమీద ప్రయాణం చేశారు. వారిలో ఎందరో సముద్రాన్ని చూడడం అదే మొదలు.

ధనికవర్గం ఏమన్నది? మితవాద పత్రికలు లాగ్రాంజ్‌కు 'సోమరితనపు మంత్రి' అని బిరుదిచ్చాయి. అంతవరకు తమదే అనుకున్న ఒడ్డుమీద గుడ్డ టోపీల కార్మికులు, వాళ్ళ పెళ్ళాం బిడ్డలు కనబడేసరికి పెద్దమనుషులు ముక్కులు మూసుకుని తిట్టుకున్నారు. లాగ్రాంజ్ 1940 జూన్‌లో జర్మన్లతో జరిగిన యుద్ధంలో సైనికుడుగా చనిపోయాడు. ఆ 'సోమరి' మంత్రి చావు అలాంటిది.

కనుక సముద్రతీరపు సెలవు బూర్జువాలదని అనడం మా విద్యార్థికి విప్లవాత్మకంగా వినిపించవచ్చు. 1936లో ఆ పెద్దమనుషులన్నదీ సరిగ్గా ఆ మాటే. అతని తండ్రి నూలు మిల్లులో పనిచేస్తాడని నాకు తెలుసు. "మీ నాన్న ఎన్నడైనా వారం రోజులు ఏ పనీ లేకుండా కూర్చున్నాడా?" అని అడిగాను. "కాలు విరిగినప్పుడు" అన్నాడు. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు ఇవ్వాలని రాసింది. కాలు విరిగితే తప్ప విశ్రాంతి ఎరగని మనిషి కొడుకు, విశ్రాంతిని విలాసమని తీసిపారేస్తే లాభం ఎవరికి?

సాధించిన హక్కును సరుకుగా మార్చడం పెట్టుబడికి తెలిసిన విద్య. దీనికి ఆ తీరంలోనే ఉదాహరణ ఉంది. 1950లో జెరార్ బ్లిట్స్ అనే ఈతగాడు మయోర్కా దీవిలో అల్కూడియా దగ్గర గుడారాలు వేసి ఒక విడిది మొదలుపెట్టాడు. అందరూ ఒకే బల్లల దగ్గర తినడం, హోదాలు లేకపోవడం దాని ప్రత్యేకత. క్లబ్ మెడిటరేనియన్ పుట్టింది అలా. దాన్ని పెద్ద వ్యాపారంగా పెంచిన జిల్బేర్ ట్రిగానో పడుచుతనంలో కమ్యూనిస్టు. 'ల్యుమానితే' పత్రికలో పనిచేసినవాడు. విడిదిలో డబ్బు కనిపించకూడదని చెప్పి పూసలతో పానీయాలు కొనే పద్ధతి పెట్టారు. డబ్బు పోలేదు, పూసల రూపం ఎత్తింది, అంతే. 2015లో ఆ సంస్థను ఫోసున్ అనే చైనా కంపెనీ కొన్నది. మాజీ కమ్యూనిస్టులను గురించి నేనిక్కడ ఉపన్యాసం ఇవ్వను. మనలోనూ రియల్ ఎస్టేటు చేసినవాళ్ళున్నారు.

ఇసుక సంగతి ఇంకా స్పష్టం. ఫ్రాన్సులో 1986 నాటి తీరచట్టం ప్రకారం తీరంలో అందరూ స్వేచ్ఛగా నడవవచ్చు. సహజమైన తీరంలో ఎనభై శాతం ఖాళీగా ఉండాలని 2006లో ఉత్తర్వు వచ్చింది. ఇటలీలో అలాంటి దేశవ్యాప్తమైన హద్దు లేదు; లిగూరియా వంటి చోట్ల ఇసుకలో దాదాపు మూడింట రెండు వంతులు కుర్చీలూ గొడుగులూ అద్దెకిచ్చే యజమానుల చేతిలో ఉంది. ఇక చట్టమున్న ఫ్రాన్సులోనైనా అది ఎవరి ముందు నిలబడుతుందో 2015లో తెలిసింది. నీస్ సమీపాన వల్లోరిస్ అనే ఊరుంది. కమ్యూనిస్టు పికాసో కొన్నేళ్ళు కాపురమున్న ఊరది. ఆ జులైలో సౌదీ రాజు సల్మాన్ అక్కడ సముద్రం ఒడ్డున ఉన్న తన భవనానికి వచ్చాడు. రాజు దిగడానికి వీలుగా ఇసుకలో కాంక్రీటు పోశారు. భవనం కిందనున్న ప్రజల తీరాన్ని భద్రత పేరుతో మూసేశారు. లక్షమందికి పైగా నిరసన పత్రం మీద సంతకాలు చేశారు. రాజు వారం రోజులుండి మొరాకోకు వెళ్ళిపోయాడు. అంతకు ముందు రోజులాగే జనం మళ్ళీ తువాళ్ళు పట్టుకుని దిగారు. సంతకాలు చేసినవాళ్ళు ఈతకు పోయేవాళ్ళు. విలాసం వదులుకున్న త్యాగమూర్తులైతే ఆ తీరం మూసినట్లు తెలుసుకునేవారే కాదు.

కర్తల సంగతి వదిలేశాననుకోవద్దు. స్పెయిన్‌లో హోటలు గదులు శుభ్రం చేసే ఆడవాళ్ళు 'కెల్లీలు' అనే పేరుతో సంఘం పెట్టుకున్నారు. స్పానిషులో 'శుభ్రం చేసేవాళ్ళు' అనే మాట కుదించి చేసుకున్న పేరది. రోజుకు ఇన్ని గదులని లెక్క కట్టి నడుములు విరిచే పద్ధతిమీద వాళ్ళు పోరాడారు. 2022లో బలేరిక్ దీవుల్లో యంత్రంతో పైకి లేచే మంచాలను హోటళ్ళలో పెట్టాలని చట్టం వచ్చింది, పక్క సర్దేటప్పుడు వంగే పని తగ్గేందుకు. 'పరచి ఉంటుంది' అనే అమాయకమైన క్రియ వెనక ఇంత ఉంది. అల్కూడియా ఆ దీవుల్లోనిదే.

పడవ విహారం గురించి కూడా ఒక మాట. 2023 జూన్ 14న గ్రీసులో పీలోస్ తీరానికి దూరంగా, లిబియా నుంచి ఇటలీకి పోతున్న ఒక చేపల పడవ మునిగింది. దానిలో సుమారు ఏడువందల యాభైమంది ఉన్నారు - పాకిస్తానీలు, సిరియన్లు, ఈజిప్షియన్లు. నూటనాలుగుగురు బతికారు. వారిలో చాలామందిని ఒడ్డు చేర్చింది దగ్గరలో విహరిస్తున్న ఒక విలాసనౌక. మెక్సికోలో వెండి గనులున్న ఒక కుటుంబానిదట. నావికులు మానవత్వం చూపారు, వారిని తప్పుబట్టను. కాని ఒకే సముద్రంమీద, ఒకే రాత్రి, తొంభై మీటర్ల నౌకలో కొద్దిమందీ, దానిలో మూడోవంతు లేని పడవలో ఏడువందల యాభైమందీ! 2014 నుంచి ఇరవై ఎనిమిది వేలమందికి పైగా ఆ సముద్రంలో చనిపోయారు లేదా కనబడకుండా పోయారు. పన్నెండు పనుల జాబితాలో నీలిరంగుకు నాలుగు విశేషణాలు ఉన్నాయి. వీళ్ళకు ఒక్క వాక్యం లేదు.

మార్సెయ్‌లో ఆఖరి ఆదివారం మా అమ్మాయి నన్ను ప్రాడో తీరానికి తీసుకుపోయింది. యాత్రావ్యాసాల్లో దానికి పెద్ద పేరు లేదు. ఉండడానికి అది సహజమైన తీరం కూడా కాదు. 1970ల్లో ఆ నగరంలో భూగర్భ రైలు కోసం తవ్విన మట్టిని తెచ్చి సముద్రంలో పోసి, నగరపాలక సంస్థ చేసిన తీరం. పేద పేటలనుంచి వచ్చిన కుటుంబాలతో ఒడ్డంతా నిండి ఉంది. గిన్నెలూ, గొడుగులూ, ఏడ్చే పిల్లలూ. మా పక్కన కూర్చున్న అల్జీరియా ముసలమ్మ పుచ్చకాయ కోసి మాకు రెండు ముక్కలిచ్చింది. ఫ్రెంచి నాకు రాదు, ఆమె మాట్లాడింది ఫ్రెంచో అరబీయో కూడా తెలియలేదు. "ఈమె అరవై ఏళ్ళు వచ్చాక ఈత నేర్చుకున్నదట నాన్నా" అని మా అమ్మాయి చెప్పింది. ముసలమ్మ మనవడికి పుచ్చకాయ అప్పగించి, గౌను మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని మళ్ళీ నీళ్ళలోకి నడిచింది.