చేయి అచ్చు వేయొచ్చు.. కొలత తీసేదెవరు?

కృత్రిమ అవయవాలు, ఆధార పరికరాలు అవసరమైన ప్రతి పది మందిలో ఒక్కరికే అవి దక్కుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ లోటును తీర్చే సాధనంగా త్రీడీ ముద్రణపై ఆశలు పెరుగుతున్నాయి. అయితే యంత్రం ఒక్కటే చాలదని అనుభవం చెబుతోంది.

అమెరికాకు చెందిన ఇవాన్ ఓవెన్, దక్షిణాఫ్రికా వడ్రంగి రిచర్డ్ వాన్ యాస్ రూపొందించిన ‘రోబోహ్యాండ్’ నమూనా 2013లో అంతర్జాలంలో ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. మణికట్టు వంచితే దారాలు బిగిసి ప్లాస్టిక్ వేళ్లు ముడుచుకుంటాయి. మోటారు, బ్యాటరీ అక్కర్లేదు. పిల్లలు ఎదిగితే కంప్యూటర్‌లో కొలతలు మార్చి మరొకటి ముద్రించుకోవచ్చు.

అదే ఏడాది సూడాన్‌లోని నూబా కొండల్లో, బాంబు దాడిలో రెండు చేతులూ కోల్పోయిన బాలుడికి సుమారు 100 డాలర్ల ఖర్చుతో చేయి అమర్చారు. స్థానికులకూ ఆ పని నేర్పారు.

ఇలాంటి చేతులు పెద్ద బరువులు ఎత్తలేవు. కాలి విషయం మరీ కష్టం. దేహ భారమంతా దానిపైనే పడుతుంది. తొడుగు సరిగా కుదరకపోతే పుండ్లు పడతాయి. చివరకు ఆ కాలు ఇంట్లో మూలన చేరుతుంది. ఒత్తిడి ఎక్కడ పడుతుందో చూసి సరిచేయాల్సింది నిపుణుడే.

1968లో రూపుదిద్దుకున్న జైపూర్ పాదం పేదలకు చేరడానికి చౌక ధర ఒక్కటే కారణం కాదు. 1975లో ఏర్పడిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి శిబిరాలు పెట్టి ఉచితంగా అమర్చింది.

కూలి మానుకుని మరమ్మతుకు పదేపదే నగరానికి వెళ్లడం పేదలకు భారం. కొలత తీసేవారు, సరిచేసేవారు జిల్లా కేంద్రంలోనే ఉంటేనే ఈ ముద్రణకు సార్థకత.