పలకని సంధి

తుంటి విరిగి ఆస్పత్రిలో చేరిన పెద్దాయన మూడో రాత్రి సెలైన్ గొట్టం పీకేసి, ఎప్పుడో పోయిన తమ్ముణ్ని పిలుస్తుంటే వయసు మీదపడిందనుకుంటారు. కాదు, అది సంధి. వైద్యుల భాషలో డెలీరియం. మతిమరుపు జబ్బు ఏళ్ల తరబడి ముదురుతుంది; ఇది గంటల్లోనో రోజుల్లోనో ముంచుకొస్తుంది.

మూలం తరచూ మెదడు బయటే ఉంటుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం పడిపోవడం, ఆఖరికి కొన్ని అలర్జీ మాత్రలు కూడా. వీటి ధాటికి మెదడులో ఎసిటైల్‌కొలీన్ తగ్గి, డోపమైన్ పెరిగి ధ్యాస చెదురుతుందన్నది బలంగా ఉన్న వాదన.

అరిచేవాళ్లను అందరూ గమనిస్తారు. మగతగా, పలక్కుండా ఉన్నవాళ్లను 'బుద్ధిగా పడుకున్నారు' అని వదిలేస్తారు. ప్రమాదం అక్కడే. స్కానింగ్ దీన్ని పట్టివ్వదు. 1990లో అమెరికా వైద్యురాలు షారన్ ఇనోయే బృందం ప్రకటించిన పరీక్షకు యంత్రాలతో పనిలేదు. మార్పు హఠాత్తుగా వచ్చి, ఎక్కువ తక్కువలవుతోందా? ధ్యాస నిలవడం లేదా? ఈ రెండూ ఉండి, మాట పొంతన తప్పినా, స్పృహలో తేడా ఉన్నా సంధే. వారాల పేర్లు వెనక నుంచి చెప్పిస్తే ధ్యాస సంగతి చాలావరకు తేలుతుంది.

మొదటి ప్రశ్నకు జవాబు మాత్రం నిన్నటి మనిషిని ఎరిగిన ఇంటివాళ్ల దగ్గరే ఉంటుంది. మన ఐసీయూలు చాలావరకు వాళ్లను గుమ్మం బయటే కూర్చోబెడతాయి. పెద్దాయన కళ్లజోడు, వినికిడి యంత్రం కూడా వాళ్ల చేతిసంచిలోనే ఉండిపోతాయి.