కుట్టు చదువు బొంతతోనే మొదలుపెడదాం

దీపావళి దాటి ప్రాణహిత మీంచి చలిగాలి మొదలవగానే సిరోంచ చుట్టుపక్కల ఊళ్ళలో ట్రంకు పెట్టెల్లోంచి బొంతలు బయటికి వస్తాయి. ఎండకు వేసిన బొంతలతో గోడలు నిండిపోతాయి. వాటిలో ఒక్కటి కూడా దుకాణంలో కొన్నది కాదు. ఆ ఇంటి పిల్లనే బడిలో పిలిచి ‘మీ ఇంట్లో ఎవరికైనా కుట్టు వచ్చా?’ అని అడిగితే, ‘రాదు సార్, మా ఇంట్లో మిషను లేదు’ అంటుంది.

మేము ఈ సరిహద్దులో పిల్లలకు చదువు చెప్పేవాళ్ళం, మా పిల్లలనూ ఇక్కడే చదివించుకునేవాళ్ళం. ఆ జవాబు మమ్మల్ని చాలాకాలంగా ఇబ్బంది పెడుతోంది. చలికాలమంతా బాపమ్మ కుట్టిన బొంత కప్పుకొని పడుకునే పిల్ల, ఇంట్లో కుట్టు తెలిసినవాళ్ళు లేరని అంటోంది. అంటే, బడి అడిగేది ఏదైనా తన ఇంట్లో ఉండదని ఆ పిల్ల అప్పటికే అనుకుంటోంది. ఇంట్లో తెలుగు, బడి పుస్తకంలో మరాఠీ, జిల్లా కేంద్రం సుమారు 200 కిలోమీటర్ల దూరం. ఇలాంటి చోట ఆ నమ్మకం ఎంత తొందరగా గట్టిపడుతుందో తల్లిదండ్రులకు చెప్పనక్కరలేదు.

మా మాట ఇది: మన బడుల్లో కుట్టు నేర్పడం మిషనుతో కాదు, బొంతతో మొదలుకావాలి. నేర్పేది ఇంటి పెద్దామె కావాలి. నేర్పే భాష తెలుగు కావాలి.

మిషనుతో మొదలుపెట్టిన అనుభవం మాకూ ఉంది. కొన్నేళ్ళ కిందట ఒక కుట్టు మిషను సంపాదించాం. నలభైమంది పిల్లలు, ఒక్క మిషను. ఒక్కొక్కరికి వంతు వచ్చేసరికి గంట కొట్టేవారు. వంతు వచ్చినవాళ్ళు కాలు తొక్కగానే చక్రం వెనక్కి తిరిగేది, దారం తెగేది, బాబిన్‌లో చిక్కు పడేది. నెల తిరక్కుండానే బెల్టు ఊడింది. ఆ తరువాత మిషను మీద గుడ్డ కప్పి, దాని మీద హాజరు పట్టీలు పెట్టుకున్నాం. తప్పు మిషనుది కాదు, మాదే. గుడ్డ ఎటు సాగుతుందో, కుట్టు ఎందుకు ముడత పడుతుందో చేతికి తెలియని పిల్లను తిన్నగా చక్రం ముందు కూర్చోబెట్టాం.

బొంత అలా కాదు. సూది, దారం, కత్తెర, పాత చీరలు ఉంటే నలభైమందీ ఒకేసారి మొదలుపెట్టవచ్చు. అయితే చీరల ఎంపికలోనే మొదటి పాఠం ఉంది. నూలు చీరలే కావాలి, అవీ బాగా కట్టి ఉతికి మెత్తబడినవి. పాలిస్టర్ చీర పొరల మధ్య జారిపోతుంది, కొత్త చేతికి అసలు లొంగదు. గంజి పోయేదాకా ఉతికి ఆరబెట్టాలి, లేకపోతే కుట్టిన తరువాత ఒక పొర కుంచించుకుపోయి బొంత ముడుచుకుంటుంది. గట్టిగా ఉన్న గుడ్డ పైకీ కిందికీ, చిరుగులూ ముక్కలూ మధ్యలోకి. పిల్లల చేతికి నాలుగు పొరలు చాలు, అంతకు మించితే సూది దిగదు. సంచులు కుట్టే దబ్బనం వద్దు, అది నేతనే చింపుతుంది. కన్ను కాస్త పెద్దగా ఉండే మధ్యరకం సూది సరిపోతుంది.

పొరలు పరిచాక నాలుగు మూలలా రాళ్ళో పుస్తకాలో బరువు పెట్టి, ముందు పెద్ద పెద్ద పోగులతో కచ్చా కుట్టు వేయాలి. ఇది నడుమ నుంచి అంచుల వైపు సాగాలి. అంచుల నుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యలో ఉబ్బుతుంది. కొత్తవాళ్ళు తొందరపడి వదిలేసేది ఈ పనినే. ఆ తరువాత అసలు కుట్టు: సూదిని పైకీ కిందికీ ముంచి తీస్తూ, ముడిని లోపలి పొరలో దాచేస్తూ, వరుస తరువాత వరుస. పని అంతా అయ్యాక కచ్చా పోగులు లాగేయాలి.

మా వరండాలో కూర్చుని నేర్పిన ఒక అవ్వ ముందు పిల్లల దారాలు చూసి నవ్వింది. ‘మూరెడు తీస్తే సాలు బిడ్డా, బారెడు తీస్తే సిక్కు పడ్తది’ అంది. ఆ ఒక్క మాటలో రెండు కొలతలు ఉన్నాయి. అయిదో తరగతి పిల్లల్లో చాలామందికి ఆ రెండూ తెలియవు. నాలుగు వేళ్ళు బెత్తెడు, మూడు బెత్తెలు జానెడు, రెండు జానలు మూరెడు, నాలుగు మూరలు బారెడు. వెంటనే పలక మీద పక్కపక్కనే రాయించాం: జానకు మరాఠీలో వీత్, మూరకు హాత్, దారానికి దోరా, అతుకుకు ఠిగళ్, బొంతకు గోధడి. రెండు భాషలూ ఒకే గుడ్డ మీద నేర్చుకున్నారు. పిల్ల తెలుగు మాట్లాడితే మరాఠీ రాదేమో అని భయపడే తండ్రులు ఆ పలకను ఒకసారి చూడాలి.

లెక్క కూడా అక్కడే వచ్చింది. మొదటి పని పెద్ద బొంత కాదు, భోజనానికి కూర్చునేటప్పుడు కింద వేసుకునే ముక్క: మూరెడు పొడవు, మూరెడు వెడల్పు. మూరకు 24 వేళ్ళు కదా, వేలికొక వరుస చొప్పున ఎన్ని వరుసలని అడిగితే అందరూ 24 అన్నారు. కుట్టి చూస్తే రెండు అంచులతో కలిపి 25. వేలికి మూడు పోగులైతే వరుసకు 72, మొత్తం 1,800. వారానికి గంట చొప్పున రెండు మూడు నెలల పని. ఇలాంటి ముక్కలు పన్నెండు కలిపితే బారెడు పొడవు, మూడు మూరల వెడల్పు బొంత తయారవుతుంది, ఒక మనిషి కప్పుకోవచ్చు. మేము చేసిన పొరపాటు ఏమిటంటే, ఎవరి మూరతో వాళ్ళను కత్తిరించుకోమన్నాం. ముక్కలు ఒకదానితో ఒకటి కలవలేదు. మూర అంటే 45 సెంటీమీటర్లని స్కేలుతో ఖాయం చేసుకున్నాక కలిశాయి. ప్రమాణం ఎందుకు కావాలో పుస్తకంలోని పేజీ కంటే ఆ పొరపాటే బాగా చెప్పింది.

‘అతుకుల బొంత’ అనే మాటను మనం తిట్టుగా వాడతాం. సరిహద్దు తెలుగును కూడా కొందరు అలాగే అంటారు, సగం మరాఠీ కలిసిందని. బొంత కుట్టినవాళ్ళకు తెలుసు, అతుకు వేసిన చోటే గుడ్డ రెండింతలు గట్టిగా ఉంటుందని.

ఇక తల్లిదండ్రుల ప్రశ్న: బొంత కుడితే ఏం సంపాదిస్తారు? జాకెట్టు కుడితే డబ్బులు వస్తాయి, అది మిషను మీదే కదా? ప్రశ్న న్యాయమైనదే. ఎనిమిదో తరగతి దాటాక మిషను నేర్పాల్సిందే, ఒక్కటి కాదు, నలుగురికొకటైనా ఉండాలి. యంత్రాల మీద అంత అనుమానం ఉన్న గాంధీజీ కూడా 1924లో సింగర్ కుట్టు మిషనుకు మినహాయింపు ఇచ్చారు. కేంద్రం 2023 సెప్టెంబరులో మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. శిక్షణ, రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం ఉన్నాయి. కానీ దానికి 18 ఏళ్ళు నిండాలి. పదేళ్ళ పిల్లకు ఇప్పుడు కావలసింది చేయి కుదరడం. మిషను దర్జీ దగ్గర కూడా హుక్కులు, చీర ఫాలు, లోపలి మడత చేత్తో కుట్టేవే ఉంటాయి. చేయి కుదిరినవాళ్ళు మిషను తొందరగా పట్టుకుంటారు.

మగపిల్లల సంగతి కూడా చెప్పాలి. బజారులో మిషను ముందు కూర్చునే దర్జీల్లో ఎక్కువమంది మగవాళ్ళే. బడిలో కుట్టు గంట అనగానే మాత్రం మగపిల్లలను మైదానానికి పంపేస్తాం. మా దగ్గర కూర్చోబెట్టాం. ఒకరిద్దరు సిగ్గుపడ్డారు, మూడో వారానికి పోగులు ఎవరివి సమంగా ఉన్నాయని పోటీ పడ్డారు.

అమెరికాలోని అలబామాలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. మూడు వైపులా నదే. అక్కడి నల్లజాతి రైతులు ఓటు హక్కు కోసం కదిలిన రోజుల్లో, 1962లో, వాళ్ళ పడవ ఆపేశారు. మళ్ళీ పడవ వచ్చింది 2006లో. ఆ పల్లె ఆడవాళ్ళు చిరిగిన పనిబట్టలతో కుట్టిన బొంతలను 2002లో పెద్ద మ్యూజియంలు గోడలకు వేలాడదీసి చూపించాయి, 2006లో వాళ్ళ దేశం వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వేసింది. వంతెనలు లేని కాలంలో కాళేశ్వరం పోవాలంటే పడవే దిక్కైన మనకు ఆ కథ అర్థమవడం కష్టం కాదు. అయితే మ్యూజియం దాకా పోవాలని మేము అనడం లేదు. మన బడి గోడ మీద ఒక్క బొంత వేలాడితే చాలు.

దీనికి కొత్త జీవో అక్కరలేదు. మన రాష్ట్ర బడుల్లో ‘కార్యానుభవ్’ అనే గంట ఉండనే ఉంది. చాలాచోట్ల అది కాగితం పూలతో గడిచిపోతుంది. చేతిపనితో, మాతృభాషలో చదువు అనే ఆలోచన 1937లో మన విదర్భలోని వార్ధా సభలోనే రూపు దిద్దుకుంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పుస్తకాల సంచి లేని పది రోజులు, స్థానిక పనివారి దగ్గర నేర్చుకోవడం ఉండాలంటోంది. స్థానిక పనివారంటే మన బాపమ్మలు కూడా. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు వీలు కల్పించాలని 1956 సవరణతో వచ్చిన 350ఎ అధికరణం చెబుతోంది. ఆ వీలు కోసం అర్జీలు పెడుతూనే ఉందాం. ఈలోగా వారానికి ఒక గంటను తెలుగులో నడపడానికి ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడనక్కరలేదు. పాఠశాల యాజమాన్య సమితిలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం అంటోంది. ఎయిడెడ్ బడుల్లో ఆ సమితిది సలహా పాత్రే, అయినా సలహా ఇవ్వవచ్చు కదా. వచ్చే సమావేశంలో ఒక తల్లి లేచి ఈ మాట అడగాలి. నేర్పడానికి వచ్చే అవ్వకు ఆటో ఖర్చు, మధ్యాహ్నం భోజనం బడే చూసుకోవాలని కూడా అడగాలి. ఉచితంగా వస్తుందిలే అని వదిలేస్తే రెండో వారం ఆమె రాదు, రాకపోతే తప్పూ కాదు.

మొదలుపెట్టేవాళ్ళు వానలు తగ్గాక మొదలుపెట్టండి, వానల్లో చీరలు ఆరవు. పిల్లలను గుంపుకు నలుగురిగా, వెలుతురు వచ్చే వరండాలో కూర్చోబెట్టండి. సూదులు లెక్కపెట్టి ఇవ్వండి, గంట కొట్టకముందే లెక్కపెట్టి తీసుకోండి. ఒక్కటి తగ్గినా చాప దులిపేదాకా ఎవరినీ లేవనివ్వకండి.